రోజూ తిరిగే కారుకు బ్రేక్ ప్యాడ్లు, హోస్‌లు: ఒక ప్రాజెక్టు డైరీ

పని మొదలుపెట్టే ముందు

ఇది రోజూ రోడ్డు మీద తిరిగే కారు. ఖాళీ బరువు సుమారు 1300 కిలోలు. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులే (చక్రంతో తిరిగే ఇనుప డిస్కును ప్యాడ్లు రెండు వైపులా పట్టి ఆపుతాయి), ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంది. పొద్దున చల్లటి బ్రేకులతో బయటికి వస్తుంది, ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ పోతుంది, వానలో తడుస్తుంది, అప్పుడప్పుడూ మనుషులతో, సామానుతో నిండి ఘాట్ రోడ్డు ఎక్కి దిగుతుంది. రేస్ ట్రాక్ మీదికి వెళ్లే ఆలోచన లేదు. కింద రాసిన ప్రతి నిర్ణయానికీ ఈ వాడకమే ఆధారం.

ఇబ్బందులు రెండు. పెడల్ నొక్కగానే పైన కొంత మేర మెత్తగా దిగి, ఆ తర్వాత గానీ బ్రేక్ పట్టడం లేదు. రెండోది నిండు బరువుతో ఘాట్ దిగేటప్పుడు కనిపిస్తోంది. కింది మలుపుల దగ్గరికి వచ్చేసరికి పెడల్ గట్టిగానే ఉంటుంది, కానీ కారు ఆగాలంటే కాలు ఇంకా బలంగా వేయాల్సి వస్తోంది.

రెండింటినీ కలిపి 'బ్రేకులు వీక్' అనేస్తే ఏం కొనాలో తేలదు. పెడల్ గట్టిగా ఉండి కారు ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పుతున్నాయని అర్థం. వేడి మీద పెడల్ మెత్తబడి కిందికి పోతుంటే బ్రేక్ ఆయిల్ మరుగుతోందని అర్థం, ఇది ఇంకా ప్రమాదం. చల్లగా ఉన్నప్పుడు కూడా పెడల్ మెత్తగా ఉంటే ఆయిల్‌లో చేరిన గాలి, పాత హోస్ (చక్రానికి ఆయిల్ తీసుకెళ్లే మెత్తటి గొట్టం), బిగుసుకున్న కాలిపర్ పిన్ను (కాలిపర్ అంటే ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం, అది ఈ పిన్నుల మీద జరుగుతుంది), మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ను తోసే భాగం)... వీటిలో ఏదైనా కావచ్చు. నాది మొదటి రకమూ, మూడో రకమూ కలిసి వచ్చిన కేసు.

విడిభాగాలు విప్పకముందే చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఇంజిన్ ఆపి, పెడల్ నాలుగైదు సార్లు కొట్టి, గట్టిగా నొక్కి పట్టుకున్నాను. మెల్లగా కిందికి జారితే ఎక్కడో లీకో, మాస్టర్ సిలిండర్ లోపలి సీల్ పోవడమో అయ్యుంటుంది. నా కారులో జారలేదు. పాదం అలాగే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా దిగింది, అంటే బూస్టర్ (కాలి బలానికి తోడు బలం ఇచ్చే భాగం) పనిచేస్తోంది. తర్వాత తమ్ముణ్ని సీట్లో కూర్చోబెట్టి, "గట్టిగా నొక్కి వదులు, మళ్లీ నొక్కు" అని చెప్పి, ముందు చక్రం దగ్గర రబ్బరు హోస్ చుట్టూ చేయి వేసి చూశాను. నొక్కినప్పుడల్లా హోస్ ఉబ్బడం వేళ్లకు తెలిసింది. మంచి రబ్బరు హోస్ కూడా కాస్త వ్యాకోచిస్తుంది, కానీ చేతికి అంత స్పష్టంగా తెలియకూడదు. పైగా వంపు దగ్గర సన్నటి పగుళ్లున్నాయి. కాబట్టి ప్యాడ్లు ఏవి తీసుకున్నా హోస్‌లు మార్చడం ఖాయం.

చక్రాలు విప్పాక

కారును జాకీ మీదే వదిలి కిందికి చేతులు పెట్టకూడదు. స్టాండ్లు వేసి, కారును ఊపి చూసి, అప్పుడే పని మొదలుపెట్టాను.

ముందు ఎడమ చక్రం దగ్గర అసలు సంగతి బయటపడింది. లోపలి ప్యాడ్ 4 మిల్లీమీటర్లు మిగిలితే బయటి ప్యాడ్ 7 ఉంది. అంత తేడా వచ్చిందంటే కాలిపర్ పిన్నుల మీద స్వేచ్ఛగా కదలడం లేదన్నమాట. కింది పిన్ను చేత్తో లాగితే రాలేదు, తిప్పుతూ తిప్పుతూ తీయాల్సి వచ్చింది. రబ్బరు బూటు చిరిగి, నీళ్లు పోయి, పాత గ్రీజు గట్టిపడి ఉంది. ఇలాంటి కాలిపర్‌లో పిస్టన్ (ఆయిల్ ఒత్తిడికి ముందుకు వచ్చి ప్యాడ్‌ను తోసేది) కొంత బలాన్ని ప్యాడ్ మీద పెట్టాల్సింది పోయి కాలిపర్‌ను వంచడానికి ఖర్చు చేస్తుంది. పెడల్ మెత్తదనంలో దీని వాటా కూడా ఉంటుంది.

ఖరీదైన ప్యాడ్లు వేసి పిన్నులు వదిలేస్తే కొత్త ప్యాడ్లు కూడా అలాగే ఏటవాలుగా అరుగుతాయి. అందుకే నా లెక్కలో మొదటి అప్‌గ్రేడ్ పిన్నులు శుభ్రం చేసి కొత్త బూట్లు వేయడం. గ్రీజు విషయంలో జాగ్రత్త అవసరం. బ్రేక్ సీళ్లు సాధారణంగా ఈపీడీఎమ్ రబ్బరుతో చేస్తారు, మామూలు పెట్రోలియం గ్రీజు తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు పలుచగా రాశాను. ప్యాడ్ చెవులు కూర్చునే చోట తుప్పు వైరు బ్రష్‌తో గీకేసి, కొత్త క్లిప్పులు పెట్టాను.

డిస్కులు కొలిచాను. అంచు మీద కనీస మందం 22 మిల్లీమీటర్లని ముద్ర ఉంది, మైక్రోమీటర్‌కు 23.1 వచ్చింది. డయల్ గేజ్ పెట్టి తిప్పితే అటూ ఇటూ ఊగడం 0.03 మిల్లీమీటర్ల లోపే. గీతలు లోతుగా లేవు. డిస్కులు మార్చనక్కర్లేదని తేలింది. రంధ్రాలున్నవి, గాట్లున్నవి వేస్తే బాగుంటుందని చాలామంది అంటారు. రోడ్డు కారుకు ఆ ఖర్చుకు తగిన ఫలితం రాదని నా అభిప్రాయం. వేడి దాచుకోవడానికి కావాల్సింది డిస్కులోని ఇనుము బరువు. రంధ్రాలు పెడితే ఆ బరువే తగ్గుతుంది, పగుళ్లు కూడా సాధారణంగా ఆ రంధ్రాల దగ్గరే మొదలవుతాయి.

ప్యాడ్ల ఎంపిక

ఎక్కువ సమయం తీసుకున్నది ఇదే.

ముందు ఒక అపోహ పక్కన పెట్టాలి. ఇప్పుడున్న ప్యాడ్లతోనే ఏబీఎస్ కొట్టుకునేంత గట్టిగా బ్రేక్ వేయగలిగితే, కొత్త ప్యాడ్ల వల్ల ఆ ఒక్క అత్యవసర బ్రేకులో దూరం పెద్దగా తగ్గదు. అక్కడ హద్దు టైరుది. మంచి ప్యాడ్ ఇచ్చేది వేరే: వేడి మీద కూడా నిలిచే పట్టు, పాదానికి ఊహించినట్టు స్పందించడం.

వేడి ఎంత వస్తుందో లెక్క వేసి చూసుకున్నాను. మనుషులు, సామాను కలిపి కారు 1600 కిలోలనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో దాని శక్తి దాదాపు 620 కిలోజౌళ్లు. ఒకసారి పూర్తిగా ఆపితే అంతా వేడిగా మారాలి. ఇప్పుడు అదే కారు 500 మీటర్ల ఎత్తు నుంచి ఘాట్ దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 7850 కిలోజౌళ్లు. 100 నుంచి సున్నాకు పన్నెండు సార్లకు పైగా ఆపినంత! గాలి, టైర్లు, ఇంజిన్ బ్రేకింగ్ ఇందులో కొంత మోస్తాయి. గేరు పైన పెట్టి పెడల్ మీదే ఆధారపడి దిగితే మిగతాదంతా ఆ నాలుగు డిస్కులే మింగాలి. రెండో ఇబ్బందికి కారణం ఈ లెక్కలోనే ఉంది. ప్యాడ్ కొనకముందే దీనికి సగం మందు కింది గేరు.

ఇక ప్యాడ్ల రకాలు. ఆర్గానిక్ ప్యాడ్లు నిశ్శబ్దంగా ఉంటాయి, డిస్కును తక్కువ అరగదీస్తాయి, కానీ ఎక్కువ వేడికి త్వరగా పట్టు వదులుతాయి. సెరామిక్ అని అమ్మేవి శబ్దం, దుమ్ము తక్కువ, చక్రాలు శుభ్రంగా ఉంటాయి. పట్టణంలోనే తిరిగే కారుకైతే నేను వీటినే చెప్తాను. సెమీ మెటాలిక్, లో మెటాలిక్ ప్యాడ్లలో లోహం పాలు ఎక్కువ. మొదటి స్పర్శకే పట్టుకుంటాయి, వేడిని బాగా తట్టుకుంటాయి, బదులుగా దుమ్ము, అప్పుడప్పుడూ కీచు శబ్దం ఇస్తాయి. ట్రాక్ ప్యాడ్ల సంగతి వేరు. వేడెక్కాకే వాటి అసలు పట్టు వస్తుంది. పొద్దున గేటు దాటగానే ఎవరైనా అడ్డం వస్తే చల్లటి ట్రాక్ ప్యాడ్ మీద నమ్మకం పెట్టుకోలేం. రోడ్డు మీద అత్యవసర బ్రేక్ ఎక్కువగా చల్లటి ప్యాడ్లతోనే వేయాల్సి వస్తుంది. ఈ ఒక్క కారణంతో ట్రాక్ ప్యాడ్లన్నీ జాబితాలోంచి కొట్టేశాను, ప్యాకెట్ మీద ఎంత పెద్ద ఉష్ణోగ్రత అంకె ఉన్నా సరే.

మిగిలిన వాటిని పోల్చడానికి ప్యాడ్ వెనకో అంచునో ముద్రించే కోడ్ కొంత పనికొస్తుంది. చివర రెండు అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో ఘర్షణ, రెండోది ఎక్కువ వేడిలో ఘర్షణ. 'ఈ' అక్షరం అంటే ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చూపే అంకె) 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. 'జీఈ' అని ఉందనుకోండి, మామూలుగా బాగా పట్టి, వేడెక్కితే రెండు మెట్లు దిగుతుందన్నమాట. అలాంటి ప్యాడ్ కంటే 'ఎఫ్ఎఫ్' నాకు నయం. అయితే ఈ అక్షరాలను అతిగా నమ్మకూడదు. ఆ పరీక్ష ఒక అంగుళం చదరపు ముక్క మీద చేస్తారు, అసలు కారు మీద కాదు. ఒకే అక్షరాలున్న రెండు ప్యాడ్లు కాలికి వేర్వేరుగా అనిపించవచ్చు.

అంతకంటే నేను ఎక్కువ విలువిచ్చింది ఈసీఈ ఆర్90 (మారు బ్రేక్ ప్యాడ్ల ప్రమాణం) ఆమోదానికి. ఆ ప్రమాణం ప్రకారం మారు ప్యాడ్ పనితీరు అసలు ప్యాడ్‌తో పోలిస్తే 15 శాతానికి మించి తేడా ఉండకూడదు, తక్కువైనా, ఎక్కువైనా. ఎక్కువైతే తప్పేంటని అనిపిస్తుంది. బ్రేక్ వేసినప్పుడు బరువు ముందుకు వాలి వెనక చక్రాలు తేలికవుతాయి. వెనక ప్యాడ్లు మరీ గట్టిగా పడితే ఆ చక్రాలు ముందుగా జారతాయి, కారు వెనక భాగం తిరిగిపోతుంది. ఏబీఎస్ దాన్ని సరిదిద్దుతుంది నిజమే, కానీ కంపెనీ లెక్కగట్టిన ముందు వెనక సమతూకాన్ని మనమే చెడగొట్టి, సర్దుకోమని ఎలక్ట్రానిక్స్‌కు వదిలేయడం సరికాదు.

చివరికి తీసుకున్నది: ఆర్90 ఆమోదం ఉన్న లో మెటాలిక్ ప్యాడ్లు, ముందుకూ వెనక్కూ ఒకే తయారీదారువి, ఒకే రకానివి. దుమ్ము వస్తుందని తెలిసే తీసుకున్నాను. నెలకు ఇంకోసారి చక్రాలు కడగడం నాకు కష్టమేం కాదు, ఘాట్ కింది మలుపులో పట్టు ఉండటం ముఖ్యం.

హోస్‌లు

ఛాసిస్ మీద పాకే స్టీలు పైపులకు తుప్పు లేదు, వాటిని కదపలేదు. మార్చేవి చక్రాలతో పాటు కదిలే నాలుగు ఫ్లెక్సిబుల్ హోస్‌లే.

స్టీలు అల్లిక హోస్ లోపల టెఫ్లాన్ గొట్టం ఉంటుంది, దాని చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీలు తీగల అల్లిక. ఒత్తిడికి దాదాపు ఉబ్బదు. దీంతో బ్రేకు బలం పెరుగుతుందనడం సరికాదు. ఒత్తిడి అంతే, పిస్టన్ అంతే. తగ్గేది మధ్యలో వృథాగా పోయే పెడల్ ప్రయాణం. కాలు ఎంత వేస్తే బ్రేకు అంత పడుతుందనే స్పష్టత వస్తుంది. ఏళ్లు గడిచిన రబ్బరు హోస్ నుంచి మారితే తేడా బాగా తెలుస్తుంది, కొత్త రబ్బరు హోస్‌తో పోలిస్తే స్వల్పమే. బడ్జెట్ తక్కువైతే కొత్త అసలు రబ్బరు హోస్‌లు వేసుకోవడం కూడా మంచి నిర్ణయమే.

పాత రబ్బరు హోస్ ఇంకో చెడు కూడా చేయగలదు. లోపలి పొర ఊడి కవాటంలా అడ్డుపడితే నొక్కినప్పుడు ఆయిల్ వెళ్తుంది, వదిలినప్పుడు వెనక్కి రాదు. ఒక చక్రం ఎప్పుడూ వేడిగా ఉంటే కాలిపర్‌తో పాటు హోస్‌ను కూడా అనుమానించాలి.

అల్లిక హోస్ ఎంచుకునేటప్పుడు మూడు సంగతులు చూశాను. అల్లిక మీద ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. తొడుగు లేకపోతే ఇసుక తీగల మధ్యకు దూరి లోపలి గొట్టాన్ని కోస్తుంది, హోస్ తగిలిన వస్తువును కూడా రంపంలా రాసేస్తుంది. చివరలు ఫ్యాక్టరీలో నొక్కి బిగించినవే కావాలి, చేత్తో మరలు తిప్పి జోడించేవి వద్దనుకున్నాను. ఇక ప్రమాణం ముద్ర. అమెరికా ఎఫ్ఎమ్‌వీఎస్ఎస్ 106 ప్రమాణంలో హోస్‌ను యంత్రం మీద 35 గంటలు ఆపకుండా ఊపే పరీక్ష ఉంది. చక్రం ఎగిరెగిరిపడేటప్పుడు ఫిట్టింగ్ మొదట్లో హోస్ పడే శ్రమే అది. అల్లిక హోస్‌లు విరిగేది కూడా ఎక్కువగా అక్కడే. ఆ ముద్ర లేనివి ఎంత మెరిసినా తీసుకోలేదు.

ఆయిల్

బ్రేక్ ఆయిల్ రకాలను డాట్ అంకెలతో పిలుస్తారు. డాట్ 3 కనీస మరుగు ఉష్ణోగ్రత 205 డిగ్రీలు, నీరు చేరాక 140. డాట్ 4కు 230, 155. డాట్ 5.1కు 260, 180. ఈ ఆయిళ్లు గాలిలో తేమను పీల్చుకుంటాయి కాబట్టి కొత్త డబ్బా అంకె కంటే రెండో అంకే నాకు ముఖ్యం. డాట్ 5 మాత్రం సిలికాన్‌ది, మిగతా వాటితో కలపకూడదు, ఏబీఎస్ కారులో పోయకూడదు. పేరు దగ్గరగా ఉండటంతో 5, 5.1 తారుమారయ్యే ప్రమాదం ఉంది, డబ్బా మీద రెండుసార్లు చదవండి.

నా కారు మాన్యువల్ డాట్ 4 అంటోంది. ఏబీఎస్ కోసం పలుచటి రకం డాట్ 4 తీసుకున్నాను. రేసింగ్ ఆయిల్ మరుగు అంకె ఆకట్టుకుంటుంది, కానీ తరచూ మార్చాలి, రోడ్డు కారుకు అది కుదరదు.

బిగింపు

పాత హోస్ విప్పితే ఆయిల్ కారుతూనే ఉంటుంది. దానికి ఒక ఉపాయం ఉంది: పెడల్‌ను ఒక కర్రతో అంగుళం మేర నొక్కి ఉంచితే మాస్టర్ సిలిండర్‌లో రిజర్వాయర్ (ఆయిల్ పోసే డబ్బా) దారి మూసుకుంటుంది, కారడం దాదాపు ఆగిపోతుంది. బ్రేక్ లైటు వెలుగుతూ ఉంటుంది కనుక బ్యాటరీ వైరు తీసి పెట్టాను. పైపు నట్లకు మామూలు స్పానర్ వాడితే మూలలు గుండ్రమైపోతాయి, వాటికోసం ఉన్న ఫ్లేర్ నట్ స్పానరే వాడాలి. కాలిపర్‌ను హోస్ మీద వేలాడనీయకుండా తీగతో స్ప్రింగ్‌కు కట్టాను. బాంజోకు (హోస్ చివర ఉండే ఉంగరం లాంటి ఫిట్టింగ్, దాన్ని బోలు బోల్టుతో కాలిపర్‌కు బిగిస్తారు) రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేసి, మాన్యువల్ చెప్పిన టార్క్‌తో బిగించాను. ఆయిల్ చుక్క పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లు పోయాలి, తుడుస్తూ కూర్చుంటే రంగు లేచిపోతుంది.

పిస్టన్ వెనక్కి నెట్టేటప్పుడు బ్లీడ్ నిప్పుల్ (కాలిపర్ నుంచి ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) తెరిచి, పాత ఆయిల్‌ను సీసాలోకి పంపాను. కాలిపర్‌లో ఉండే మడ్డి అంతా ఏబీఎస్ యూనిట్ వైపు పోకూడదని. వెనక చక్రాలకు ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కార్లలో సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా పిస్టన్‌ను నెట్టకూడదు. నా కారుకు మామూలు కేబులే.

హోస్ బిగించాక స్టీరింగ్ ఎడమ చివరికీ, కుడి చివరికీ తిప్పి, చక్రం వేలాడినప్పుడూ, జాకీతో పైకి ఎత్తినప్పుడూ చూశాను. ఎక్కడా లాగకూడదు, మెలి పడకూడదు, టైరుకు గానీ స్ప్రింగ్‌కు గానీ తగలకూడదు. కుడి ముందు హోస్, స్టీరింగ్ చివరికంటా తిప్పినప్పుడు, స్ట్రట్‌కు (సస్పెన్షన్ స్తంభానికి) మరీ దగ్గరగా వచ్చింది. బాంజో కోణం కొద్దిగా మార్చి మళ్లీ బిగిస్తే సరిపోయింది.

ఎయిర్ తీయడం ఇద్దరి పని. తమ్ముడు పెడల్ మీద, నేను నిప్పుల్ దగ్గర. "నొక్కు." "నొక్కానన్నయ్యా." నిప్పుల్ తెరిచి, మూసి, "వదులు." క్రమం మాన్యువల్ ప్రకారమే వెళ్లాలి, అన్ని కార్లకూ దూరపు చక్రమే ముందని లేదు. పెడల్ కింద చెక్క ముక్క పెట్టాను. పాత మాస్టర్ సిలిండర్‌లో సీళ్లు ఎప్పుడూ వెళ్లని లోతుకు వెళ్తే అక్కడి తుప్పుకు తగిలి కోసుకుపోవచ్చు. రిజర్వాయర్‌లో మట్టం తగ్గకుండా పోస్తూ, బుడగలు ఆగి కొత్త ఆయిల్ రంగు వచ్చేదాకా చేశాం.

కారు కదిపే ముందు పెడల్ గట్టిపడే వరకు కొట్టాలి. ప్యాడ్లు మార్చాక మొదటిసారి నొక్కితే పెడల్ నేలకు పోతుంది. ఆ స్థితిలో గేరు వేస్తే కారు ఆగదు.

ప్యాడ్లు కుదురుకోవడం

పాత డిస్కుల మీద పాత ప్యాడ్ పొర ఉంటుంది. దాన్ని ఎమరీ కాగితంతో రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో కడిగాకే కొత్తవి వేశాను. తర్వాత ఖాళీ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల నుంచి 15కు మధ్యస్తంగా కొన్నిసార్లు, కాస్త వేగం పెంచి ఇంకొన్నిసార్లు తగ్గించి, ఆపకుండా నడిపి చల్లార్చాను. ప్యాడ్ పదార్థం పలుచటి పొరగా డిస్కంతా సమానంగా పరుచుకోవాలి. వేడి మీద పూర్తిగా ఆపి పెడల్ నొక్కి పట్టుకుంటే ఆ ఒక్కచోటే మందంగా అంటుకుంటుంది. తర్వాత స్టీరింగ్ వణికితే డిస్కు వంగిందంటారు, చాలాసార్లు కారణం ఈ అసమాన పొరే. ప్యాడ్ తయారీదారు ఇచ్చిన పద్ధతి ఉంటే దాన్నే పాటించాలి.

వాడుకలోకి వచ్చాక

పెడల్ పైభాగంలో ఉండే మెత్తదనం పోయింది. ట్రాఫిక్‌లో చిన్నగా తాకితే చిన్నగానే పడుతోంది, తల ముందుకు ఊగకుండా ఆపగలుగుతున్నాను. చల్లటి పొద్దున మొదటి బ్రేకుకు కూడా సంకోచం లేదు. తడిలోనూ సరిగ్గానే ఉంది. కారు వెనక్కి తీసేటప్పుడు మాత్రం ఒక్కోసారి సన్నగా కీచుమంటోంది. చక్రాల మీద నల్లటి దుమ్ము మునుపటికంటే తొందరగా చేరుతోంది.

నిండు బరువుతో ఘాట్ దిగి చూశాను, ఈసారి రెండో గేరులో, బ్రేకును అంటిపెట్టుకుని ఉండకుండా, వేసి వదులుతూ. కింది మలుపుల్లో కాలి బలం పైన ఉన్నంతే సరిపోయింది. ఇందులో ప్యాడ్ల వాటా ఎంత, గేరు వాటా ఎంత అని విడదీసి చెప్పలేను, రెండూ కావాల్సిందే. దిగాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే ఎడమ, కుడి ముందు డిస్కుల వేడి దాదాపు సమానం. పిన్నులు బాగైనట్టు దాంతో తేలింది.

చక్రాలు మళ్లీ విప్పి బాంజోల చుట్టూ తెల్ల కాగితం తుడిచి చూశాను, చెమ్మ లేదు. ఆయిల్ మార్చిన తేదీ రిజర్వాయర్ మూత మీద రాసిపెట్టాను, రెండేళ్లకు మళ్లీ మార్చాలి. మిగిలిన పని ఒకటే: వెనక కుడి హోస్ బ్రాకెట్ క్లిప్ కాస్త వదులుగా ఉంది, కొత్త క్లిప్ రాగానే మార్చాలి. టైర్లను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చే రోజున నాలుగు వైపులా లోపలి, బయటి ప్యాడ్ల మందం కొలిచి ఇక్కడే రాస్తాను.